శాలువా ఎవరికి, ఖర్చు ఎవరిది?

(సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గానికి ఒక ఆహ్వానం వచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. నగర ప్రణాళికల గురించి నివేదికలు రాసే ఒక సంస్థ పెద్ద హోటల్లో విందు చేస్తోంది. ఊరికి సేవ చేసిన ప్రముఖులను ఆ విందులో సన్మానిస్తారు. ఈసారి కార్మిక రంగం నుంచి కూడా ఒకరికి శాలువా కప్పుతామని, మన సీనియర్ నాయకుల్లో ఒకరిని పంపమని అడిగారు. ఆ విందు పేరు 'గాలా'. ఈ మాట వినగానే భివండీ తమ్ముళ్ళు పకపకా నవ్వారు. మన భివండీలో గాలా అంటే నాలుగు సాంచాలు పెట్టుకునే రేకుల షెడ్డు. వాళ్ళ గాలా వేరు. అక్కడ ఒక్క బల్ల దగ్గర కూర్చోవడానికి పెట్టే డబ్బుతో మన గాలాలో ఎన్నో నెలల జీతాలు ఇవ్వవచ్చు.

వెళ్ళాలా, వద్దా అని కార్యవర్గంలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. "గౌరవం ఇస్తామంటే ఎందుకు కాదనాలి? నలుగురు పెద్దల చెవిన మన మాట పడుతుంది కదా" అని కొందరన్నారు. "మన పొట్ట కొట్టినవాళ్ళ పక్కన కూర్చుని అన్నం తినాలా?" అని మరికొందరన్నారు. ఆవేశంతో కాకుండా, విషయం తెలుసుకుని తేల్చుకుందామని ఈ సభ పెట్టాం. ఇలాంటి సంస్థలు ఎక్కడ పుట్టాయి, ఎలా నడుస్తాయి, వాటి సన్మానాల వెనుక ఏముంటుంది అన్నది ముందు చూద్దాం.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో అనే రేవు పట్టణం ఉంది. అక్కడ 'స్పర్' అనే సంస్థ ఉంది. 1906లో భూకంపం వచ్చి, మంటలు లేచి ఆ ఊరు చాలా భాగం నాశనమైంది. తర్వాత హడావుడిగా కట్టిన ఇరుకు ఇళ్ళల్లో పేదల బతుకు నరకమైంది. ఆ ఇళ్ళ పరిస్థితి బాగుచేయాలని 1910లో కొందరు పౌరులు ఒక సంఘం పెట్టారు. అదే ఈ స్పర్‌కు మూలం. అంటే అది పుట్టింది పేదవాడి గది గురించే. ఈ మాట మరవకూడదు. మంచిని మంచి అనడానికి మనకు మొహమాటం లేదు.

1959లో ఆ సంఘానికి కొత్త రూపు వచ్చింది. ఊళ్ళోని పెద్ద కంపెనీల అధిపతులు దానికి అండగా నిలిచారు. పేరులోనే 'పట్టణ పునరుద్ధరణ' అన్న మాట చేరింది. పాత బస్తీలను పడగొట్టి కొత్త కట్టడాలు కట్టడమే ఆ రోజుల్లో పునరుద్ధరణ. 1977లో ఆ మాట తీసేసి 'పట్టణ పరిశోధన' అని మార్చుకున్నారు. పేరు ఎందుకు మార్చుకోవలసి వచ్చిందో, ఆ మధ్య ఏం జరిగిందో చూస్తే మన కథే కనబడుతుంది.

అంతకుముందు విందు లెక్క చెప్పుకుందాం. స్పర్ ఏటా 'సిల్వర్ స్పర్' పేరుతో జీవితకాల సేవకు సన్మానాలు చేస్తుంది. మేయర్లుగా చేసినవాళ్ళు, వ్యాపారులు, ఇళ్ళ నిర్మాణంలోనో రవాణాలోనో పనిచేసినవాళ్ళు ఆ వరసలో ఉంటారు. ఆ సభే సంస్థకు నిధులు సమకూర్చే సభ కూడా. అమెరికాలో ఇలాంటి సంస్థలన్నింటి పద్ధతి ఇంచుమించు ఒకటే. కంపెనీలు బల్లకు ఇంత అని కొంటాయి. ఎక్కువ ఇచ్చినవాడి పేరు పెద్ద అక్షరాల్లో పడుతుంది. సన్మానం పొందేవాడి స్నేహితులు, అతనితో వ్యాపారం ఉన్నవాళ్ళు అతని కోసం బల్లలు కొంటారు. అందుకే ఎవరిని సన్మానిస్తే ఎన్ని బల్లలు అమ్ముడవుతాయన్న ఆలోచన కూడా ఎంపికలో ఉంటుంది. తిన్న భోజనం విలువ తీసేసి మిగిలిన సొమ్మును దానంగా చూపించి పన్నులో మినహాయింపు పొందవచ్చు. మన దేశంలోనూ 2014 ఏప్రిల్ నుంచి లాభాలున్న పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలన్న నియమం అమలైంది. ఆ డబ్బు కోసం తిరిగే సంస్థలు మన చుట్టూ కూడా పెరిగాయి.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. విందు పెట్టేవాళ్ళంతా దొంగలని మనం అనడం లేదు. మన మాట ఇంతే: మన సంఘం నెలనెలా మీ చందాతో నడుస్తుంది. రసీదు బుక్కులో మీ సంతకం ఉంటుంది కాబట్టి మీకు జవాబు చెప్పుకుంటాం. బల్లలు అమ్మి నడిచే సంస్థ బల్లలు కొన్నవాడికి జవాబు చెప్పుకుంటుంది. ఉప్పు తిన్న ఇంటిని గట్టిగా నిలదీయడం ఎవరికైనా కష్టమే.

ఇక అసలు కథకు వద్దాం. శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్కెట్ స్ట్రీట్‌కు దక్షిణాన ఒక పేట ఉండేది. చవక హోటళ్ళు, ఒక్కో మనిషికి ఒక్కో చిన్న గది. అందులో ఉన్నవాళ్ళు ఎక్కువగా రిటైరైన ఒంటరి మగవాళ్ళు. ఓడల్లో పనిచేసినవాళ్ళు, రేవులో మూటలు మోసినవాళ్ళు, చేపల డబ్బాల ఫ్యాక్టరీల్లో చేసినవాళ్ళు. 1934లో ఆ ఊరు మొత్తాన్ని స్తంభింపజేసిన సార్వత్రిక సమ్మెను చూసిన తరం అది. మన కామాటిపురలో, వర్లీలో, లోయర్ పరేల్ చాళ్ళల్లో పెళ్ళాం పిల్లల్ని కరీంనగర్, నల్లగొండ, పాలమూరు పల్లెల్లో వదిలి, ఒక్క ఖోలీలో షిఫ్టుల వారీగా పడుకుని బతికినవాళ్ళను గుర్తు తెచ్చుకోండి. ఆ మనుషులూ అలాంటివాళ్ళే.

ఆ పేటలో 87 ఎకరాలను తీసుకుని సమావేశ భవనాలు, హోటళ్ళు, ఆఫీసులు కట్టాలని నగర పునర్నిర్మాణ సంస్థ నిర్ణయించింది. ఆ పథకం పేరు యెర్బా బ్యూనా. దాదాపు 4,000 మంది ఖాళీ చేయాలి. ఆ సంస్థను 1959 నుంచి 1971లో చనిపోయేదాకా నడిపినవాడు జస్టిన్ హెర్మన్. కేంద్ర ప్రభుత్వ డబ్బు రావాలంటే పథకంలో పౌరుల భాగస్వామ్యం ఉండాలని నియమం ఉండేది. ఆ పౌరుల ప్రతినిధిగా ఎవరిని చూపించారో తెలుసా? స్పర్‌నే. గదిలో ఉన్న ముసలివాణ్ణి ఎవరూ అడగలేదు. అతని తరఫున మాట్లాడటానికి అతను ఎన్నుకోని పౌరులు ముందే సిద్ధంగా ఉన్నారు.

1969లో ఆ ముసలివాళ్ళు సంఘం పెట్టుకున్నారు. నాయకుడు జార్జ్ వుల్ఫ్‌కు అప్పటికి ఎనభై ఏళ్ళు. అలాస్కా చేపల డబ్బాల కార్మికుల సంఘానికి అధ్యక్షుడుగా పనిచేసినవాడు. అతని పక్కన పీటర్ మెండెల్సన్, ఓడల్లో పనిచేసి రిటైరైన మనిషి. వీళ్ళు కోర్టుకెక్కారు. చట్టం ప్రకారం ఖాళీ చేయించే ముందు శుభ్రమైన, అద్దె భరించగల ఇల్లు చూపించాలి కదా, ఎక్కడుంది చూపించండి అని అడిగారు. 1970లో ఫెడరల్ జడ్జి స్టాన్లీ వైగెల్ పథకానికి అడ్డుకట్ట వేశాడు. కోట్ల డాలర్ల పని ఆగిపోయింది. ఆపినవాళ్ళకు బల్లలు కొనే స్తోమత లేదు. వాళ్ళ దగ్గర ఉన్నదల్లా పాత యూనియన్ అలవాటు: మీటింగు పెట్టడం, మినిట్స్ రాయడం, ఒక్కటిగా నిలబడటం.

వుల్ఫ్ 1972లో చనిపోయాడు. 1973లో ఒప్పందం కుదిరింది. ఆ పేటలోనే నాలుగు స్థలాల్లో దాదాపు 400 ఇళ్ళు కట్టుకునే హక్కు వాళ్ళ సంఘానికి వచ్చింది. డబ్బు ఎక్కడిదంటే, హోటళ్ళలో దిగే అతిథుల మీద వేసే పన్ను నుంచి. ఈ ఒక్క షరతును మీరు జాగ్రత్తగా వినాలి. ఎవరి కోసం తమను లేపుతున్నారో వాళ్ళ గది బిల్లులోంచే తమ ఇంటి ఖర్చు రాబట్టారు. 1979లో మొదటి భవనం లేచింది. దానికి వుల్ఫ్ హౌస్ అని పేరు పెట్టారు. తర్వాత మెండెల్సన్ పేరుతో కూడా ఒక భవనం వచ్చింది. ఈనాటికీ అందులో ముసలివాళ్ళు ఉంటున్నారు.

అయితే పూర్తిగా గెలిచారని చెప్పలేం. చాలామంది అప్పటికే చెల్లాచెదురయ్యారు. 1981లో సమావేశ భవనమూ వచ్చింది, హోటళ్ళూ వచ్చాయి. ఉన్నవాళ్ళలో కొందరికి నీడ దక్కింది, అంతే. కానీ అదైనా దక్కింది పోరాడబట్టే.

ఇప్పుడు గౌరవాల సంగతి. హెర్మన్ చనిపోయాక రేవు దగ్గరి పెద్ద కూడలికి అతని పేరు పెట్టారు. పునర్నిర్మాణం పేరుతో వెస్టర్న్ అడిషన్ పేట నుంచి వేలాది నల్లజాతి, జపనీయ కుటుంబాలను వెళ్ళగొట్టింది కూడా అతని హయాంలోనే. ఆ కుటుంబాల వాళ్ళు మరచిపోలేదు. నలభై ఏళ్ళకు పైగా గడిచాక 2017లో ఊరి పాలకులే ఆ పేరు తీసేశారు. వుల్ఫ్ పేరు మాత్రం భవనం మీద అలాగే ఉంది. పెద్దలు ఇచ్చిన గౌరవాన్ని ఊరు వెనక్కి తీసుకుంది. అద్దెదార్లు తమ మనిషికి ఇచ్చుకున్న గౌరవం నిలిచింది.

స్పర్ కూడా మారలేదని అనలేం. ప్రజా రైలు కోసం, సముద్రతీర పార్కుల కోసం, ఇళ్ళ కొరత గురించి ఆ సంస్థ చేసిన పని ఉంది. మంచి నివేదికలు రాసే చదువుకున్నవాళ్ళు మనకూ కావాలి. మన అభ్యంతరం నివేదికకు కాదు. నివేదిక ఎవరి ఇంటి మీద రాస్తారో, ఆ ఇంటివాణ్ణి అడగకుండా రాయడానికే అభ్యంతరం.

మన బొంబాయికి వద్దాం. లండన్‌లో వ్యాపారుల సంస్థ ఒకటి ఉంటే, దాన్ని చూసి 1990లలో ఇక్కడ 'బాంబే ఫస్ట్' పెట్టారు. 2003లో మెకిన్సీ కంపెనీతో కలిసి 'విజన్ ముంబై' నివేదిక తెచ్చారు. పదేళ్ళలో ప్రపంచ స్థాయి నగరం అన్నారు. అప్పటికి మన గిరణ్‌గావ్ ఏ స్థితిలో ఉంది? 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మంది దిగారు. ఎంతోమంది మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. దాదాపు 600 ఎకరాల మిల్లు భూమి మిగిలింది. 1991 నియమం ప్రకారం ఆ భూమిలో ఇంచుమించు మూడో వంతు ఊరికి ఖాళీ జాగాగా, మూడో వంతు సామాన్యుల ఇళ్ళకు, మిగిలింది యజమానికి. 2001లో ఆ నియమం మార్చారు. కట్టడాలున్న జాగా లెక్కలోంచి తీసేసి, ఖాళీగా ఉన్నదాంట్లోనే వాటా అన్నారు. మిల్లంటేనే కట్టడాలు కదా! ఊరికి, పేదలకు దక్కేది కుంచించుకుపోయింది. 2005లో హైకోర్టు ప్రజల వైపు తీర్పు ఇచ్చినా, 2006లో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది.

ఫలితం మీ కళ్ళ ముందే ఉంది. ఫీనిక్స్ మిల్లు ఆవరణలో మాల్, ఐదు నక్షత్రాల హోటల్. కమలా మిల్స్ ఆవరణలో పబ్బులు. 2017 డిసెంబరు 29న అక్కడ మంటలు లేచి 14 మంది చనిపోయారు. మరి మిల్లు కార్మికుడికి? 2012లో 6,925 ఇళ్ళకు లాటరీ తీశారు. 2020 మార్చిలో బాంబే డైయింగ్, శ్రీనివాస్ మిల్లుల స్థలాల్లో 3,894 ఇళ్ళకు తీశారు. మధ్యలో తీసినవీ కలిపితే 2020 నాటికి 15,870. దరఖాస్తు పెట్టినవాళ్ళు లక్షా 70 వేలకు పైగా. పదిమంది అడిగితే ఒక్కడికి కూడా సరిగా రాలేదు. దరఖాస్తు కాగితం చేతిలో పట్టుకుని పోయినవాళ్ళు మన పేటల్లోనే ఎందరో ఉన్నారు.

కాబట్టి ఆహ్వానానికి మా సలహా ఇది. తిట్టి ఉత్తరం రాయవద్దు. మర్యాదగా, నిక్కచ్చిగా రాద్దాం. శాలువా వద్దు, బల్ల వద్దు. మీ దగ్గర ఊరి పెద్దలు వినే చెవి ఉంది కాబట్టి మా మూడు ప్రశ్నలను మీ వేదిక మీద చదవండి. మొదటిది: మిగిలిన లక్షన్నర మందికి ఇల్లు ఎక్కడ, ఎప్పుడు? రెండోది: మీ తర్వాతి నివేదిక రాసే ముందు చాళ్ళల్లో ఉన్నవాళ్ళతో, వాళ్ళ భాషలో, మరాఠీలోనూ తెలుగులోనూ, సభలు పెడతారా? మూడోది: మిల్లు స్థలాల్లో లేచిన హోటళ్ళ, మాళ్ళ ఆదాయంలోంచి కార్మికుల ఇళ్ళకు వాటా రాబట్టాలని మీరు ప్రభుత్వానికి రాస్తారా? శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇది జరిగింది కాబట్టి కుదరదని అనలేరు.

వాళ్ళు చదివితే సంతోషం. చదవకపోతే వాళ్ళు ఎవరి మనుషులో తేలిపోతుంది.

దీనితోపాటు మనం చేసుకోవలసిన పని ఉంది. రిటైరైనవాళ్ళ సర్వీసు కార్డు, ప్రావిడెంట్ ఫండు చీటీ, ఈఎస్ఐ కార్డు, లేదంటే పాత హాజరు టిక్కెట్టు, ఏది ఉంటే అది జిరాక్సు తీసి ఆఫీసులో ఇవ్వండి. మిల్లు పేరు, ఖాతా పేరు, చేరిన సంవత్సరం రాయించండి. ఊళ్ళకు తిరిగి వెళ్ళినవాళ్ళ పిల్లలకు కబురు పెట్టండి. సోలాపూర్, భివండీ తమ్ముళ్ళు కూడా తమ షెడ్ల జాగా కాగితాలు ఇప్పుడే చూసుకోవాలి. నగర ప్రణాళిక ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ గడువులో సంతకాలతో వెళ్ళిన కాగితానికి విలువ ఉంటుంది. గడువు దాటాక ఎంత గొంతు చించుకున్నా వినేవాడు ఉండడు.

పడుగు ఒక్కో పోగుగా ఉంటే చేత్తో తెంపవచ్చు, బట్టగా నేసింతర్వాత తెంపడం కష్టం. ఇది మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. మన పెద్దలకు సన్మానం మనమే చేద్దాం, మన హాల్లోనే, మన చందాతోనే, చాయ్ బిస్కెట్లతో. ఇప్పుడు ఈ ఉత్తరం ముసాయిదా చదువుతాం. మార్పులుంటే చెప్పండి, తర్వాత చేతులెత్తి తీర్మానిద్దాం.