ఉక్కు – పదును

(ఒక పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



న్యాయవాద వృత్తిలో నున్న మేము లోహములను గూర్చి మాటాడ సాహసించుటకు కారణ మొక్కటియే. దక్షిణదేశ భాషలలోని ‘ఉక్కు’ అను మాటయే ఆంగ్లేయుల నోట ‘వూట్జ్’ అయి లోహశాస్త్రమున నిలిచినదని పండితులు చెప్పుదురు. మాట మిగిలినది, ఆ పని మాత్రము మన కొలుములనుండి పోయినది. ఏల పోయెనో తెలియవలెనన్న, గట్టిపఱచుట యన నేమో ముందు తెలియవలెను.

శుద్ధమైనదే దృఢమైనదని లోకుల తలంపు. లోహముల యెడ నిది నిజము కాదు. మేలిమి బంగారము మెత్తనిది. కావుననే కంసాలి 24 పాళ్లలో 2 పాళ్లు రాగియో వెండియో కలిపి నగ చేయును. లోహమున పరమాణువులు వరుసలు తీరి యుండును. ఆ వరుసలలో నచ్చటచ్చట లోపరేఖలు కలవు. బలము తగిలినపుడు అవి జరుగుటచేతనే లోహము వంగును. ఈ సంగతిని 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అను మువ్వురు వేర్వేరుగా వెల్లడించిరి. ఆ జరుగుబాటునకు అడ్డు కల్పించుటయే లోహములను గట్టిపఱచు విద్యకు మూలము.

బంగారమున చేరిన రాగి పరమాణువు పరిమాణభేదముచే దారి కట్టును. కంచరి బిందెను కొట్టినకొలది లోపరేఖలు పెరిగి ఒండొంటితో చిక్కుపడును, బిందె బిగియును. మితిమీరి కొట్టిన పగులును గనుక నడుమ నడుమ కాచి మెత్తపఱచును. కమ్మరి ఎఱ్ఱగా కాచిన ఉక్కును నీట ముంచును. లోని కర్బనము వెలికివచ్చుటకు వ్యవధి లేక చిక్కుకొని, ఉక్కును గాజువలె కఠినముగను, గాజువలెనే పెళుసుగను చేయును. కావున దానిని మరల కొంచెము కాచును. పైన గడ్డిరంగు పొడసూపిన కత్తికి చాలును. నీలిరంగు వచ్చిన కమానుకు తగును. కొంత కాఠిన్యమును వదలుకొని విఱుగని గుణమును సంపాదించుటయే పదును.

రబ్బరునకు దారి వేఱు, నీతి యొక్కటే. పచ్చి రబ్బరు ఎండకు జిగటయగును, చలికి బిగుసుకొనును. 1839లో అమెరికావాసియగు గుడ్ ఇయర్ దానిని గంధకముతో కాచి చూచెను. గంధకము రబ్బరులోని పొడవైన గొలుసుల నడుమ వంతెనలు కట్టును. వంతెనలు కొలది యైన సాగి మరల యథాస్థితికి వచ్చును. మిక్కిలి యైన ఎబొనైటగును. రాజమహేంద్రవరపు రత్నం స్వదేశీ కలములకు పేరు తెచ్చిన పదార్థ మిదియే.

ఇక మన ఉక్కు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున ఇనుమును మట్టి మూసలలో మూసి, బొగ్గునిప్పుపై దీర్ఘకాలము కాచి, మెల్లగా చల్లార్చెడివారు. అట్లు నూటికి ఒకటి మొదలు రెండు పాళ్లవఱకు కర్బనము గల ఉక్కుముద్ద లభించెడిది. దానికై పారసీక వర్తకులు వచ్చెడివారు. 1819లో మైకేల్ ఫారడే దానిని పరీక్షించి, అల్యూమినియము లేశమే దాని మహిమకు కారణమని ఊహించెను. కారణము కర్బనమని తరువాత తేలినది. అంతటివాడు తడబడిన చోట మన కమ్మరి చేయి తడబడలేదు.

అయినను 19వ శతాబ్దమున విదేశపు యంత్రాగారముల చౌక ఉక్కు సంతలను నింపెను. కొలుములు చల్లారెను. ఎంత కాక, ఎన్ని గడియలు, ఏ యాకు, ఏ మన్ను అను సంగతులు కమ్మరుల చేతులలోనే యుండి వారితోనే పోయెను. ఈనాడు మనకు తెలిసినది చాలవఱకు పరదేశ యాత్రికులు వ్రాసికొన్నదియు, త్రవ్వకములలో దొరకిన మూసపెంకులు చెప్పునదియు మాత్రమే. నేర్పు కొఱవడలేదు, అక్షరము కొఱవడెను.

1973లో హైదరాబాదున స్థాపితమైన మిశ్ర ధాతు నిగమము రాకెట్టు కోశములకు వలయు ఉక్కును చేయుచున్నది. అందు కర్బనము లేశమాత్రము. నికెలు నూటికి 18 పాళ్లు. సుమారు 480 డిగ్రీల వేడిలో గంటలకొలది నిలిపిన సూక్ష్మకణములు పుట్టి లోపరేఖలకు అడ్డుపడును. అచ్చట ప్రతి కాకయు లెక్కకెక్కును. ఒకరు తప్పుకొన్నను మఱియొకరు ఆ పని సాగింపగలరు.

కావున మా మనవి యిది. మన యూర నింకను కొలిమి యుండిన, దానియొద్ద కేగుడు. ఏ రంగు చూచి ముంచుదువు, ఏల నీటను, ఏల నూనెను అని కమ్మరిని గౌరవముతో నడుగుడు. చెప్పినది తెలుగున వ్రాసి, అతని పేరుతో ఈ మందిరమున నుంచుడు. వృద్ధులైనవారియొద్దకు ముందుగా పొండు. వారు లేనినాడు అడుగుటకు మఱొకరు దొరకరు.