గోదావరి అవతలి పులి

మన జ్యోతినగర్ నుంచి గోదావరి దాటితే మంచిర్యాల. ఆ పైన కవ్వాల్ అడవి. 2012లో అది టైగర్ రిజర్వ్ అయింది. కానీ అక్కడికి పులి రావాలంటే ఎక్కువగా మహారాష్ట్రలోని తడోబా వైపు నుంచే రావాలి. ప్రాణహిత ఈది, కాగజ్‌నగర్ మీదుగా రావాలి. దారి పొడవునా రోడ్లు, రైలు పట్టాలు, పత్తి చేలు.

ఆ దారి మూసుకుపోతే? తరతరాలుగా మేనరికాలే చేసుకుంటే పిల్లలకు ఏమవుతుందో మన ఇళ్లలో చూశాం. పులులకూ అంతే. దాగిన లోపాలు బయటపడతాయి. రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది.

ఒడిశాలోని సిమిలిపాల్‌నే చూడండి. మిగతా అడవులకు దూరమై, అక్కడ కొద్ది పులులే మిగిలాయి. వాటిలో చాలావాటికి చారలు కలిసిపోయి ఒళ్లు నల్లగా కనిపిస్తుంది. ఒకే ఒక్క జన్యువులో వచ్చిన మార్పది. ఈ సంగతి 2021లో బెంగళూరు శాస్త్రవేత్తలు తేల్చారు. చూడ్డానికి అందమే. నాకు మాత్రం దిగులేస్తుంది. అది ఒంటరితనం వేసిన రంగు.

ప్రాణహిత ఇసుకలో పడ్డ ఒక్క పాదముద్ర అంటే కొత్త రక్తం. మళ్లీ చెబుతున్నా, కొత్త రక్తం. అందుకే అడవి పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెట్టకండి, అది పులినీ చంపుతుంది. చేలో పులి అడుగు కనిపిస్తే, అది చెరిగిపోకుండా గంప బోర్లించి, అటవీ సిబ్బందికి కబురు చేయండి.