మీరేమిట్లు?



మా హాస్టల్లో చదివి కృష్ణపట్నం వైపో, శ్రీసిటీకో, చెన్నైకో పనికెళ్ళిన పిల్లలు సంక్రాంతికి వచ్చి కలుస్తారు. జీతం సంగతి కంటే ఒక ప్రశ్న సంగతే ఎక్కువ చెబుతారు. పక్కన పనిచేసేవాళ్ళు ముందు ఊరడుగుతారు, తర్వాత ఇంటిపేరు. ఆపైన "మీరేమిట్లు?"

కొందరు వేరే కులం పేరు చెప్పేస్తారు. దాన్ని పిరికితనం అని మేం అనం. యానాది అనే మాటను తిట్టుగా వాడే ఊళ్ళలోనే మనమంతా పెరిగాం. కానీ ఆ అబద్ధానికి రోజూ కాపలా కాయాలి. అలా చెప్పుకున్న ఒకమ్మాయి, వాళ్ళమ్మ ఎండుచేపల సంచితో గేటు దగ్గరికొస్తే లోపలికి పిలవలేకపోయింది. పెళ్ళికి తోటివాళ్ళను ఒక్కరినీ పిలవలేదు.

నిజం చెప్పినవాళ్ళకు ఇంకో బాధ. గదిలో ఫోన్ పోతే మన పిల్లాడి బ్యాగే ముందు వెతుకుతారు. ఈ అనుమానం నిన్నటిది కాదు. తెల్లదొరలు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. తర్వాత కొత్త రూపంలో వచ్చిన అదే చట్టం కింద మనవాళ్ళలో కొందరిని బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్ప సెటిల్మెంటులో పెట్టారు. మన నెల్లూరు జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివాళ్ళు ఆ చట్టం మీద పోరాడారు. 1952లో రద్దయింది. బ్యాగు వెతికే చేతులకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

కులం అడిగితే చెప్పితీరాలని లేదు. "ఇప్పుడదెందుకులే అన్నా" అని పనిలో పడొచ్చు. వేరే పేరు మాత్రం తగిలించుకోకండి. నలుగురి ముందు కులం పేరుతో తిడితే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. 2015 సవరణలో ఆ నేరాన్ని విడిగా రాశారు. మీరు వేరే కులమని చెప్పుకునుంటే, తిట్టినవాడు "నాకేం తెలుసు" అని తప్పుకోచూస్తాడు.

తిట్టిన మాట తిట్టినట్టే, తేదీ, టైము, విన్నవాళ్ళ పేర్లు అదే రోజు కాగితం మీద పెట్టండి. ఒంటరిగా స్టేషనుకు పోవద్దు, సంఘం పెద్దల్ని వెంట తీసుకెళ్ళండి. మా వార్డెన్లకు ఫోన్ చేయడానికి ఇప్పుడు మీకు పర్మిషన్ అక్కర్లేదు. రాత్రి పదైనా ఎత్తుతాం.