చదివినదానికి సాక్ష్యం చెప్పాలి
(ఒక పుస్తక పరిచయ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చిన్ననాటి నుంచి పుస్తకాలు చదువుతూ, నలభై ఏళ్లుగా వాటిపై సమీక్షలు రాస్తూ వచ్చాం. ఆ అనుభవాన్ని మీతో పంచుకోమని నిర్వాహకులు ఆదేశించారు. ఇందులో గొప్పగా చెప్పుకోదగినవీ ఉన్నాయి, సిగ్గుపడవలసినవీ ఉన్నాయి. రెండూ చెప్పడమే న్యాయం.

మా తరం ముస్లిం పిల్లలకు అక్షరం రెండు దారుల్లో వచ్చింది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. గోడ గూటిలో జుజ్‌దాన్‌లో భద్రపరచిన ఖురాన్‌ను అమ్మీ వజూ చేసుకుని తీసేది. ‘ఇఖ్రా’ అన్న మొట్టమొదటి ఆదేశానికి ‘చదువు’ అని అర్థమని ఆమే మాకు చెప్పింది. సాయంత్రం బడి వదలగానే శాఖా గ్రంథాలయానికి పరుగెత్తి ‘చందమామ’ కోసం వరుసలో నిలబడేవాళ్లం. ఆ కథల్లో రాజులుండేవారు, రాక్షసులుండేవారు, బేతాళుడు ఉండేవాడు. మా వీధి మాత్రం కనిపించేది కాదు. కొంత పెద్దయ్యాక చదివిన ఎన్నో నవలల్లో సాయిబు పాత్ర వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్వించడానికో, కత్తి పట్టి భయపెట్టడానికో వచ్చేది. మేము చదవడం మానలేదు. అయితే, ‘మా అబ్బా ఇలా మాట్లాడడే, మా మామూ ఇలాంటివాడు కాడే’ అని ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాం. మా సమీక్షా వ్యాసంగానికి అదే తొలి పుట.

నిజానికి తెలుగు సాహిత్యం మనకు పరాయిది కాదు. పిఠాపురంలో ఉమర్ అలీషా గారు పద్యాలూ నాటకాలూ రాశారు. చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చారు. దాశరథి గారు గాలిబ్ కవిత్వాన్ని ‘గాలిబ్ గీతాలు’గా తెలుగువారికి అందించారు. ఈ రాకపోకలు ఎప్పుడూ ఉన్నవే. కానీ సామాన్య ముస్లిం కుటుంబం తన గొంతుతో తానే పలకడానికి చాలా కాలం పట్టింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998లో స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’ కవితా సంకలనం, 2004లో ‘వతన్’ కథా సంకలనం వచ్చాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ చదువుతూ మా ఇంట్లో అందరం కడుపుబ్బ నవ్వాం, అంతలోనే కళ్లు తుడుచుకున్నాం. చిన్నప్పుడు వెదికిన వీధి అచ్చులో కనిపించడం అంటే ఏమిటో ఆనాడు మాకు తెలిసింది.

ఇక సిగ్గుపడవలసిన సంగతి. చాలా ఏళ్ల క్రితం ఒక యువతి తన తొలి కథల పుస్తకాన్ని సమీక్ష కోసం మాకు పంపింది. పని ఒత్తిడిలో సగం చదివి, ‘ముస్లిం స్త్రీల జీవితాన్ని చక్కగా చిత్రించారు’ అని నాలుగు వాక్యాలు రాసి పంపించాం. అచ్చయిన వారానికి ఆమె నుంచి కార్డు వచ్చింది. చివరి కథలో తలాక్ పొందిన తల్లి తన వాటా కోసం సొంత అన్నదమ్ములను నిలదీస్తుందనీ, ఆ కథ గురించి మేము ఏమంటామో తెలుసుకోవాలనే పుస్తకం పంపాననీ అందులో ఉంది. కోపపు మాట ఒక్కటీ లేదు. ఆ కథ అప్పుడు చదివాం. పుస్తకంలో ప్రాణమంతా అక్కడే ఉంది. మళ్లీ రాద్దామనుకుంటూనే కాలం గడిపాం. ఆమె రెండో పుస్తకం మాకు ఎక్కడా కనిపించలేదు. మా నాలుగు వాక్యాలే కారణమని అనుకోము. అయినా ఆ కార్డును ఈనాటికీ దాచుకున్నాం.

ఆ తరువాత రెండు నియమాలు పెట్టుకున్నాం. చివరి పుట దాకా చదవకుండా కలం పట్టరాదు. మనవాళ్ల పుస్తకమని పొగడ్త దానం చేయరాదు. సమాజంలో రెండు అలవాట్లు మన రచయితలను దెబ్బతీస్తున్నాయి. ఒకటి, చదవకుండానే భుజం తట్టడం. రెండు, ముఖ్యంగా ఆడపిల్లలు రాసినప్పుడు, చదవకుండానే ‘పరువు తీసింది’ అని తీర్పు చెప్పడం. చూడనిదానికి సాక్ష్యం చెప్పడం తప్పని మన పిల్లలకు నేర్పుతాం. చదవని పుస్తకానికి తీర్పు చెప్పడమూ అంతే తప్పు. ఒక వాక్యం అబద్ధమనిపిస్తే ఎందుకో చెప్పండి, ఒక పాత్ర నిజమనిపిస్తే ఎక్కడ చూశారో చెప్పండి. రచయితకు కావలసింది అదే.

మరొక విషయం హక్కుకు సంబంధించినది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ఆధారంగా మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చేరుతోంది. మన బస్తీలవారూ అది కడుతున్నారు. మరి మన బస్తీకి గ్రంథాలయం ఎంత దూరంలో ఉంది? అక్కడికి ఉర్దూ దినపత్రిక వస్తోందా? ఇందాక పేర్కొన్న పుస్తకాలు ఉన్నాయా? మన ఆడపిల్లలు కూర్చుని చదువుకోవడానికి తగిన చోటు ఉందా? లేకపోతే పుస్తకాల జాబితాతో, పదిమంది సంతకాలతో జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెట్టండి. అది దయాభిక్ష కాదు, మనం చెల్లించిన సొమ్ము.

ఈ సభ నుంచి మేము కోరేది స్వల్పం. ప్రతి కుటుంబం నెలకు ఒక పుస్తకం కొనాలి, లేదా అరువు తెచ్చుకోవాలి. రాత్రి భోజనాల తరువాత ఇంట్లో ఒకరు పైకి చదవాలి, మిగిలినవారు వినాలి. నెలాఖరున ఆ పుస్తకంపై ఒక్క పేజీ రాసి రచయితకు పంపాలి. తెలుగులోనో, ఉర్దూలోనో, మీ ఇష్టం. తన చివరి కథ ఎవరైనా చదివారా అని ఎదురుచూసే రచయిత్రి ఈ ఊళ్లోనూ ఒకరు ఉండవచ్చు. ఆమెకు ఆ పేజీ సకాలంలో అందాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాం.

ఖుదా హాఫిజ్.