కాన్సరు రోగికి ధనసహాయము - అడుగవలసిన వేళ, అడుగవలసిన తీరు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయము పండుగ చేసికొనునప్పుడు గ్రంథములను గూర్చియో, గ్రంథకర్తలను గూర్చియో ముచ్చటించుట వాడుక. కార్యవర్గమువారు నాకు వేరొక విషయమును అప్పగించిరి. కాన్సరు సోకిన కుటుంబమునకు వైద్యవ్యయము ఎక్కడనుండి సమకూడును? దాని నెట్లు పొందవలెను? పండుగనాడు ఈ మాట యేల యని కొందరికి తోచవచ్చును. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టిననాటినుండియు మన గ్రంథాలయోద్యమము పుస్తకముల బీరువాలతో తృప్తి పడలేదు. చదువు రానివారికి చదివి వినిపించుట, తెలియనివారికి తెలియజెప్పుట తన పని యని అది తలచినది. నేటి నా ప్రసంగము ఆ పనిలోని భాగమే.

మన పెద్దలు రాచపుండు అని పిలిచిన ఈ వ్యాధి పేరు వినగానే మరణమే గతియని భావించు కాలము గడచినది. తొలిదశలో కనుగొన్న కాన్సరులు పెక్కు నయమగుచున్నవి. రోగము నయము కాదగినదై యుండియు, చేతిలో సొమ్ము లేక చికిత్సను నడుమ మానుకొనుట అన్నిటికంటె దుఃఖకరము. ఆరు విడతల మందు ఎక్కించుకొనవలసినవాడు మూడు విడతలతో ఇంటికి మరలినచో, ఆ మూడింటికి పెట్టిన ధనము ఫలించుట కష్టము, రోగమా నిలువదు.

మన పల్లెలలో సాధారణముగా జరుగునది చూడుడు. వ్యాధి తెలిసిన వారములోనే బంధువులు కూడి, అందినకాడికి అప్పు తెత్తురు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చినచో నెలకు 6,000 రూపాయలు, ఏడాదికి 72,000 రూపాయలు వడ్డీయే యగును. ఆ పిమ్మట ఎకరము పొలము అమ్ముదురు. అంతయు అయిన తరువాత, ఎవరో చెప్పగా, ప్రభుత్వ సహాయమునకై బయలుదేరుదురు. అప్పటికి వేళ మించును. ఏలయన, సహాయమిచ్చు నిధులలో అనేకము జరుగబోవు చికిత్సకే ఇచ్చును గాని, జరిగిపోయిన ఖర్చును తిరిగి ఈయవు. కావున నేను చెప్పదలచినది ఒక్కటే మాట: అప్పునకు ముందు అర్జీ వ్రాయవలెను.

అర్జీ యనగానే కొందరు అభిమానవంతులు వెనుకంజ వేయుదురు. యాచన కాదా యందురు. కాదు. ప్రభుత్వ నిధి మనమందరము పన్నుల రూపమున కట్టిన సొమ్ము. ఇక దానధర్మముల మాట. మన దేశమున కాన్సరు వైద్యము నిలువద్రొక్కుకొన్నదే ప్రజాహితమునకై యిచ్చిన ధనముతో. బొంబాయిలో టాటా స్మారక వైద్యశాలను 1941లో సర్ దొరాబ్జీ టాటా ధర్మనిధి నెలకొల్పినది. మదరాసు అడయారులో 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి గారి పూనికతో కాన్సరు సంస్థ వెలసినది. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ గారి పేర నున్న కాన్సరు వైద్యశాల 1955 నాటిది. పేదలకొరకు ఏర్పడిన సహాయమును పేదవాడు కోరుటలో చిన్నతనము లేదు.

ఇప్పుడు అడుగవలసిన వరుసను మనవి చేసెదను.

మొదటిది ఆరోగ్యశ్రీ. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మొదలైన ఈ పథకము నేడు ఆంధ్రప్రదేశమున డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేరను, తెలంగాణమున రాజీవ్ ఆరోగ్యశ్రీ పేరను నడచుచున్నది. తెలంగాణమున కుటుంబమునకు ఏడాది పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచిరి. శస్త్రచికిత్స, మందు ఎక్కించుట, కిరణ చికిత్స, ఈ మూడును ఇందు చేరియున్నవి. అయితే పథకములో చేరిన ఆసుపత్రికే వెళ్లవలెను. చికిత్సకు ముందే అనుమతి రావలెను. అట్టి ఆసుపత్రులలో ఆరోగ్యమిత్ర యను ఉద్యోగి యుండును. వైద్యుని గదికి పోవుటకు ముందు ఆయన బల్లకడకు పొండు. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స కలదో 104 సంఖ్యకు టెలిఫోను చేసి ఇంటినుండియే తెలిసికొనవచ్చును.

రెండవది కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్. 2018 సెప్టెంబరులో ఆరంభమైన ఈ పథకము అర్హతగల కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యమును ఉచితముగా కల్పించును. 2024 అక్టోబరునుండి 70 ఏండ్లు నిండిన వృద్ధులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ దీనిని విస్తరించిరి. దీని టెలిఫోను సంఖ్య 14555.

మూడవది ఉద్యోగమునుండి వచ్చు హక్కు. మిల్లులోనో, కార్ఖానాలోనో పనిచేయుచు ఇ.ఎస్.ఐ. చందా కట్టువారు ఆ కార్డును ఇంటిలో దాచి, బయట అప్పు చేయుట నేటికిని జరుగుచున్నది. ఇ.ఎస్.ఐ. వైద్యము ఉచితముగా నిచ్చుటయే గాక, కాన్సరువంటి దీర్ఘవ్యాధులకు, నిర్ణీత కాలము చందా కట్టినవారికి, సగటు దినవేతనములో నూటికి 80 వంతులను గరిష్ఠముగా రెండేండ్లవరకు చెల్లించు ఏర్పాటు కలదు. భవిష్యనిధినుండి వైద్యమునకై సొమ్ము తీసికొను వీలును ఉన్నది.

నాలుగవది ప్రభుత్వ సహాయ నిధులు. దేశవిభజనవేళ నిర్వాసితులను ఆదుకొనుటకై 1948 జనవరిలో ఏర్పడిన ప్రధానమంత్రి జాతీయ సహాయనిధి నేడు కాన్సరు చికిత్సకును తోడ్పడుచున్నది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రాష్ట్రీయ ఆరోగ్య నిధి యున్నది. అందులో భాగముగా 2009లో కాన్సరు రోగులకై ప్రత్యేకనిధి నేర్పరచి, ప్రాంతీయ కాన్సరు కేంద్రముల ద్వారా సహాయము చేయుచున్నారు. హైదరాబాదు మెహదీ నవాజ్ జంగ్ సంస్థయు, అడయారు సంస్థయు అట్టి కేంద్రములే. ఈ నిధి జరిగిపోయిన వ్యయమును తిరిగి ఈయదు. ముఖ్యమంత్రి సహాయనిధి పద్ధతి వేరు. చికిత్సకు ముందే ఆసుపత్రికి హామీపత్రము పంపుటయు, చికిత్స తరువాత బిల్లులు చూచి కొంత సొమ్ము మంజూరు చేయుటయు రెండును ఉన్నవి. కావున అసలు బిల్లులలో ఒక్కటియు పోగొట్టుకొనరాదు.

అయిదవది ధర్మసంస్థలు. 1951లో బొంబాయిలో ఏర్పడిన ఇండియన్ కాన్సర్ సొసైటీ, అక్కడనే 1969లో ఏర్పడిన కాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ వంటివి పేదరోగులకు తోడ్పడుచున్నవి. వీని సహాయము దొరకు మార్గమును పెద్ద వైద్యశాలలలోని సాంఘిక సేవా విభాగమువారు చెప్పుదురు. ఆ విభాగ మెక్కడ యని అడిగి తెలిసికొనుడు.

ఆసుపత్రి బిల్లు తీరినను ఖర్చు తీరదు. ప్రయాణము, బస, తోడు వచ్చినవాని కూలి నష్టము, ఇవియే పేదవానిని క్రుంగదీయును. రైలులో కాన్సరు రోగికి పడక తరగతియందును, మూడు అరల ఏ.సి. తరగతియందును టిక్కెట్టు ధర పూర్తిగా తగ్గింపు. తోడు వచ్చు ఒకరికి నూటికి 75 వంతులు తగ్గింపు. వైద్యశాలవారు నిర్ణీత పత్రముమీద సంతకము చేసి ఈయవలెను. ఆ పత్రమును అడిగి తీసికొనుటే మన పని.

మందుల ధర మాట కూడ చెప్పవలెను. 2012లో సొరాఫెనిబ్ యను మందును తయారుచేయుటకు హైదరాబాదు నాట్కో కంపెనీకి ప్రభుత్వము అనుమతి నిచ్చినప్పుడు, నెలకు సుమారు 2,80,000 రూపాయలున్న మందు 8,800 రూపాయలకు దిగివచ్చినది. 2019లో 42 కాన్సరు మందులపై వర్తకుల లాభమును నూటికి 30 వంతులకు మించరాదని కట్టడి చేసిరి. కావున “అయ్యా, ఇదే మందు తక్కువ ధరకు వేరొక పేర దొరకునా?” యని వైద్యుని అడుగుటకు సంకోచింపవలదు. ఆయన చెప్పకుండ మందు మార్చుట మాత్రము తగదు.

ఇక అర్జీ వ్రాయు తీరు. మనవారి అర్జీలలో దుఃఖము ఎక్కువ, వివరము తక్కువ. చదువు అధికారికి కావలసినవి అంకెలు, తేదీలు. రోగి పేరు, వయస్సు, కాన్సరు ఏ అవయవమునకు, ఏ దశలో నున్నది, ఏ ఆసుపత్రిలో, ఏ వైద్యుడు, ఏ చికిత్స చెప్పెను, మొత్తము అంచనా ఎంత, ఏ పథకమునుండి ఎంత వచ్చినది, ఇంకను ఎంత తక్కువ, కుటుంబ ఆదాయమెంత. ఇది ఒక పుటకు మించరాదు. దానికి జతపరుపవలసినవి కణపరీక్ష ఫలితము, వైద్యుడు సంతకము చేసిన అంచనాపత్రము, ఆదాయ ధ్రువపత్రము, రేషను కార్డు, ఆధారు కార్డు నకళ్లు. అసలు పత్రములను అడిగినచోట చూపి, మరల ఇంటికి తెచ్చుకొనుడు. అర్జీ యిచ్చిన ప్రతిచోటను తేదీతో రసీదు తీసికొనుడు. మంజూరు చేయించెదనని కమీషను అడుగువానిని నమ్మవలదు. పైన చెప్పిన ప్రభుత్వ సహాయములలో దేనికిని మధ్యవర్తి అక్కరలేదు.

ఈ పని అంతయు అక్షరములతో కూడినది. పొలము పనికి పోవు ఇల్లాలు, రోగియైన భర్తను విడిచి, ఈ కాగితము లెక్కడ వ్రాయించుకొనగలదు? ఇక్కడనే మన గ్రంథాలయము కలుగజేసికొనవలెనని నా విన్నపము. వారమునకు ఒక సాయంకాలము రెండు గంటలసేపు ఒక బల్ల, ఇద్దరు చదువుకొన్న యువకులు, ఒక దస్త్రము చాలును. దస్త్రములో పథకముల దరఖాస్తులు, ఆసుపత్రుల పట్టికలు, టెలిఫోను సంఖ్యలు ఉండవలెను. పథకముల పేర్లు, పరిమితులు మారుచుండును గనుక మూడు నెలలకొకసారి వానిని సరిచూడవలెను.

ఒక్క నియమము మాత్రము తప్పక పాటింపవలెను. వచ్చినవారి పేరు బయటికి పొక్కరాదు. అమ్మాయి పెండ్లికి అడ్డు వచ్చునను భయముతో రోగమును దాచి, చికిత్సను జాగు చేయు తల్లులు నేటికిని గలరు. ఇది అంటువ్యాధి కాదని వారికి, వారి ఇరుగుపొరుగులకు నచ్చజెప్పుటయు మన పనియే. ముప్పది యేండ్లు నిండిన స్త్రీపురుషులు నోటిని, స్త్రీలు రొమ్మును, గర్భాశయ ముఖద్వారమును ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమున పరీక్ష చేయించుకొనునట్లు ప్రోత్సహింపుడు. తొలిదశలో దొరికిన రోగము ప్రాణమునకును, పొలమునకును మేలు చేయును.

ఈ గ్రంథాలయము పదివేల పుస్తకములను చేర్చవచ్చును, మేడ కట్టవచ్చును, అవి జరుగవలసినవే. రాబోవు సంవత్సరములలో ఈ గ్రామమున ఒక్క కుటుంబమైనను, తెలియనితనమువలన పొలము అమ్ముకొనకుండ, చికిత్స నడుమ ఆపకుండ కాపాడగలిగినచో, ఈ రజతోత్సవము సార్థకమైనదని నేను భావింతును. వచ్చు వారమునుండియే ఆ బల్లను వేయుదురని నమ్ముచున్నాను.