వసతిగృహ విద్యార్థుల మనోవ్యాకులత



ఎక్కువ మార్కులు తెచ్చిన బాలబాలికలకు ఈ వేదికపై శాలువలు గప్పితిరి, సంతోషము. తప్పినవారిని గూర్చి విన్నవింప మేము లేచితిమి. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడిన పిమ్మట 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి.

మనోవ్యాకులత సోమరితనము కాదు, గ్రహపీడయు కాదు. చికిత్సకు లొంగు వ్యాధి. రెండు వారములుగా నిద్రాహారములు చెడి, దేనియందును మనసు నిలువక, తాను పనికిమాలినవాడ ననుకొను విద్యార్థిని ముందుగా గనిపెట్టువాడు తండ్రి కాదు, వార్డెనును కాదు, ప్రక్కమంచముమీది స్నేహితుడు. ఆ స్నేహితునికి మేము చెప్పునది యిది: చచ్చిపోవు తలంపు కలుగుచున్నదా యని సూటిగా నడుగుము. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు. బోధింపక వినుము. రహస్యముగా నుంచెదనని మాట యీయకుము. ఒంటిగా విడువక పెద్దలకు దెలుపుము. నీవు వైద్యుడవు కావు; వైద్యునివరకు తోడు నడచిన జాలును. 14416 అను టెలీమానస్ సంఖ్యకు రేయింబవళ్లు, రుసుము లేకయే, తెలుగున మాటలాడవచ్చును.

పోలీసులకు వెఱచి దాచువారు గలరు. ఆత్మహత్యాయత్నము చేసినవానిని తీవ్రక్లేశమున నున్నవానిగా నెంచవలెనే గాని శిక్షింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. సంబంధములు రావని దాచువారు ఇంకను ఎక్కువ; పెండ్లిసంబంధముల పట్టికలు నడపు కులసంఘములే వారికి ధైర్యము చెప్పవలెను.

వసతిగృహమునకు ఇద్దఱు పెద్దవిద్యార్థులకు మనోవైద్యునిచే శిక్షణ మిప్పింపుడు. శాలువల సొమ్ములో సగము చాలును.