దిద్దుబాట్ల కలయిక – బీజగణిత న్యాయములు



ధాన్యము పంచుటకై యొక పేర్ల పట్టిక కలదనుకొనుడు. దాని ప్రతులు రెండూళ్లలో రెండు కంప్యూటరులందున్నవి. ఒకరు “మొదటి పంక్తి కొట్టివేయుడు” అని వ్రాసిరి. అదే క్షణమున రెండవవారు “మూడవ పంక్తి కొట్టివేయుడు” అనిరి. మొదటి పంక్తి ముందుగా పోయినచో తక్కినవి పైకి జరుగును. పిదప మూడవదని కొట్టివేయబడునది నిజమునకు నాలుగవది. ఏ పాపము నెరుగని యొక కుటుంబము పేరు మాయమగును.

1989లో అమెరికాలో ఎల్లిస్, గిబ్స్ అనువారు దీనికొక యుపాయము ప్రకటించిరి. ముందు జరిగిన మార్పును గమనించి, “మూడవ” అను నాజ్ఞను “రెండవ” అని సవరించి యమలు జరుపుటయే యా యుపాయము.

2011లో షపీరో, ప్రెగీసా, బకేరో, జవిర్‌స్కీ అను నలుగురు పండితులు వేరొక మార్గమును క్రమబద్ధము గావించిరి. ప్రతులను గలుపు పద్ధతి మూడు న్యాయములకు లోబడవలయును. ఏది ముందు కలిపినను ఫలమొక్కటే కావలెను. ఏ రెంటిని మొదట జతపరచినను ఫలమొక్కటే కావలెను. ఒకే ప్రతిని రెండుమారులు కలిపినను మార్పు రాకూడదు.

మనమెరిగిన కూడికకు మొదటి రెండు గుణములును గలవు, మూడవది లేదు. పది రూపాయల చందా వార్త రెండుమారులు చేరినచో లెక్క యిరువది యగును. అదే చందాకు రసీదు సంఖ్య యున్నచో, ఒకే సంఖ్య గల రసీదెన్నిమారులు వచ్చినను ఒక్కటిగానే లెక్కకు వచ్చును. అట్లే ప్రతి పంక్తికిని మారని గురుతు నొసగి, కొట్టివేతను తుడుపుగా గాక “ఇది కొట్టివేయబడినది” యను చేర్పుగా వ్రాసినచో, పై చిక్కు తొలగును. ఉత్తరములు వెనుకముందైనను, రెండేసిమారులు వచ్చినను, అన్నియు చేరిన పిమ్మట ప్రతులన్నియు నేకమగును.

అయినను ఒక మాట మరువరాదు. ఒకే పేరున కొకరు నాలుగు బస్తాలనియు, మరొకరు ఆరనియు వ్రాసినచో, పెద్ద సంఖ్యనే యుంచవలెనను నియమము మూడు న్యాయములకును సరిపడును. ప్రతులన్నియు ఆరనియే పలుకును. ఆ యింటికి న్యాయముగా రావలసినది నాలుగే కావచ్చును. అందుచే కొన్ని పద్ధతులు రెండు వ్రాతలను నిలిపి, తీర్పును మనుష్యులకే విడుచును.

ప్రతులేకీభవించుట గణితము చేయగల పని. సత్యమేదో విచారించుట మన పని.